ఆంబ్రోస్ తాగని టీ

ఎల్డర్‌బోర్న్ ఊళ్లో ఎవరింటి దుప్పటి ఎక్కడ చిరిగిందో, ఎవరి చొక్కా కాలరు తిరగేసి కుట్టారో థర్జా హాలెట్‌కి తెలుసు. తెలిసినా నోరు విప్పేది కాదు. ఊరందరి బట్టలు ఉతికే మనిషికి మొదట ఉండాల్సింది అదేనని ఆమె అత్తగారు నేర్పింది. వెనక పాకలో రాగి కాగు కింద సోమవారం పొద్దున అంటుకున్న నిప్పు శనివారం దాకా ఆరేది కాదు. వేడినీళ్లకీ సోడాకీ ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉండేవి. మనిషి పొట్టి, నడక గట్టి. చర్చిలో పాట ఎత్తుకుంటే గొంతు చివరి వరుస దాకా వినిపించేది.

భర్త జెస్సీ ఊరి బ్యాండులో పెద్ద డోలు వాయించేవాడు. ఊపిరితిత్తుల జబ్బు చేసి యుద్ధానికి ముందే పోయాడు. అతనున్నప్పుడు బ్యాండు వాళ్లకి శుక్రవారం సాయంత్రాలు టీ కాచిపెట్టడం మొదలుపెట్టిన థర్జా, అతను పోయాక కూడా మానలేదు. ఒక్కడే కొడుకు రూబెన్. పద్దెనిమిది నిండగానే ఊరి కుర్రాళ్లతో పాటు ఫ్రాన్సుకు వెళ్లాడు.

ఎల్డర్‌బోర్న్ నుంచి వెళ్లిన వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల తల్లులు వీధిలో ఎదురైతే మగవాళ్లు టోపీ తీసేవారు. థర్జా ఎదురైతే తీసేవారు కాదు. రూబెన్‌ని చంపింది శత్రువులు కాదు. కందకం వదిలి పారిపోయాడని సొంత సైన్యమే స్తంభానికి కట్టి కాల్చింది. సైనిక విచారణలో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది ఇద్దరు. ఒకరు కెప్టెన్ పియర్స్, కొండ మీద పెద్ద బంగళాలో ఉండే ముసలి దొరగారి ఏకైక కొడుకు. రెండోవాడు కెప్టెన్‌కి అక్కడ పరిచారకుడిగా ఉన్న సిపాయి ఆంబ్రోస్ స్టిక్‌లాండ్. ఊళ్లో బండిచక్రాలు చేసే వడ్రంగి అతను, బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు.

ఆ వార్త వచ్చిన వారం థర్జా ఇక బ్యాండు దగ్గరికి రాదనుకున్నారు. శుక్రవారం సాయంత్రం పొయ్యి మీంచి టీ పాత్ర దించి, చేతిబండిలో పెట్టుకుని, షాజీరా కేకు గుడ్డలో చుట్టుకుని ఎప్పటిలాగే వచ్చింది. అందరికీ పోసింది. యుద్ధం అయిపోయి ఆంబ్రోస్ తిరిగొచ్చాక అతనికీ పోసింది. అతని ముందు కప్పు పెట్టేటప్పుడు మాత్రం అతని మొహం చూసేది కాదు.

యుద్ధం ముగిసిన మూడో ఏడు, చర్చి ముందు రాతి శిలువ నిలబెట్టి, చనిపోయిన వాళ్ల పేర్లు చెక్కించాలని ఊళ్లో కమిటీ పెట్టారు. రూబెన్ పేరు ఉండదని థర్జాకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ జూన్ నెలలోనే ఒకరోజు ఆంబ్రోస్ ఆమె పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలో నలిగిపోతోంది.

"థర్జా, ఈ శుక్రవారం వాయింపు అయ్యాక కాసేపు ఆగు. అందరూ ఉండగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రూబెన్ సంగతి."

"నా బిడ్డ పేరు నీ నోట రాకూడదు," అంది థర్జా. తలుపు వేసేసింది. అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడనీ, తరువాత వెళ్లిపోయాడనీ చెప్పుల చప్పుడును బట్టి ఆమెకు తెలిసింది.

శుక్రవారం వచ్చింది. బ్యాండు వాయింపు పెద్ద బంగళా వెనక, పాత గుర్రబ్బగ్గీల షెడ్డులో జరిగేది. ఆ షెడ్డు ఇచ్చింది కెప్టెన్ పియర్సే. వాయిద్యాలన్నీ అక్కడే ఉండేవి. ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతూనే ఉంది. థర్జా టీ పోసింది, కేకు కోసింది. రొట్టెల కొట్టు ఈనాస్ ట్రెవెట్ బ్యాండుకి పెద్ద. అతను బల్ల మీద కర్రతో తట్టాడు. శిలువ ఆవిష్కరణ రోజున వాయించాల్సిన కీర్తన ఎత్తుకున్నారు.

రెండు చరణాలు గడవకముందే క్లారినెట్ ఆగిపోయింది. ఆంబ్రోస్ లేచి నిలబడ్డాడు. మొహమంతా చెమట. ఏదో చెప్పబోయాడు, నోటివెంట చొంగ తప్ప మాట రాలేదు. చేతులు వణుకుతూ, ముందున్న కుర్చీని పట్టుకోబోయి దానితో సహా పడ్డాడు. ఆవరణలో ఉన్న కెప్టెన్ పియర్స్ క్షణంలో లోపలికొచ్చాడు. ఒకణ్ణి డాక్టరు కోసం పరిగెత్తించాడు, మిగతా వాళ్లను బయటికి పంపించాడు. యుద్ధంలో అలవాటైన గొంతు అది, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. డాక్టరు వచ్చేసరికి ఆంబ్రోస్‌లో ప్రాణం లేదు.

విషం అన్నాడు డాక్టరు.

ఆ మాట ఊళ్లోకి దిగేసరికి ఇంకో మాట దానికి తోడైంది. తాగింది టీ, తిన్నది కేకు, రెండూ పెట్టింది థర్జా. అందరూ తాగారు కదా, ఒక్కడే ఎలా చచ్చాడని అడిగిన వాళ్లకి జవాబు సిద్ధంగా ఉంది. కప్పు అతని ముందు పెట్టింది ఆమే కదా.

కానిస్టేబుల్ శామ్‌వేస్ వచ్చి టీ పాత్రను, మిగిలిన కేకు ముక్కను, పంచదార డబ్బాను పట్టుకుపోయాడు. మంచివాడు. చిన్నప్పుడు రూబెన్‌తో కలిసి చేపలు పట్టిన వాడు. థర్జా మొహంలోకి చూడకుండా గోడకేసి మాట్లాడాడు.

"జిల్లా పట్టణం నుంచి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. ఊరు దాటి ఎక్కడికీ పోకు థర్జా."

"ఎక్కడికి పోతాను శామ్‌వేస్? కాగులో దుప్పట్లు ఉడుకుతున్నాయి."

పక్కింటి డిబెన్ కంచె మీదుగా మెడ సాచి అంది, "నా దుప్పట్లు మాత్రం తడివైనా సరే ఇచ్చేయ్ తల్లీ. నేనే ఉతుక్కుంటాను."

"నీ దుప్పట్లు నువ్వు ఉతుక్కుని ఎన్నేళ్లైందే? సబ్బు ఏ వైపు పట్టుకోవాలో గుర్తుందా?" అని థర్జా వాటిని పిండి కంచె మీద పడేసింది. లోపలికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం కిందనే కూర్చుండిపోయింది. ఉరితాడు అనేది ఒక మాట కాదని, మెడకు తగిలే వస్తువని ఆమెకు ఆ రోజే తెలిసింది.

సోమవారం పొద్దున ఊళ్లో ఏ ఇంటి నుంచీ మూట రాలేదు. కొండ మీది పెద్ద బంగళా నుంచి వచ్చింది. దాన్ని తెచ్చింది పనిమనిషి కాదు. ముసలి దొరగారి కూతురు లేడీ థియోడోరా స్వయంగా భుజాన వేసుకుని, బురద బూట్లతో పెరటి దారిన వచ్చింది.

లేడీ థియో అంటే ఊరికి గర్వమూ, నవ్వులాటా. నలభై ఏళ్లు దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. గుర్రం మీంచి పడి ఒక కాలు కాస్త ఈడుస్తుంది. మగవాళ్ల కోటు తొడుక్కుని, సన్నటి చుట్ట కాల్చుకుంటూ పొలాల వెంట తిరుగుతుంది. ఒక డ్యూకు గారింట్లో పోయిన ముత్యాలను వాళ్ల అల్లుడి బూటులోంచి తీసి చూపించిందని, ఒక పెద్ద చర్చిలో పాదిరీని చంపిన వాడిని పోలీసుల కంటే ముందే పట్టుకుందని పత్రికల్లో వచ్చింది. ఎవరికైనా కోడిపిల్ల కనబడకపోతే చాలు, "లేడీ థియోని పిలవండ్రా" అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఆమె మూట దించి, బోర్లించిన తొట్టి మీద కూర్చుంది.

"మిసెస్ హాలెట్, నాకు మీ టీ ఒక కప్పు కావాలి."

థర్జా కదల్లేదు. "ఊరంతా ఏమంటోందో మీకు తెలీదా అమ్మగారూ?"

"తెలుసు. అందుకే ఇక్కడ, పెరట్లో తాగుతాను. ఆ కంచె వెనకున్నావిడకు మెడ నొప్పి పుట్టకుండా కాస్త ఇటు జరుగుతాను కూడా."

కంచె వెనక ఆకులు గబగబా కదిలాయి. థర్జా టీ తెచ్చింది. ఆ దొరసాని చివరి చుక్క దాకా తాగి, కప్పు పక్కన పెట్టి, అప్పుడు చుట్టూ చూసింది. థర్జా తన జీవితంలో ఎంతోమంది చూపులు చూసింది. ఇలాంటిది చూడలేదు. దేన్నీ వెతుకుతున్నట్టు లేదు. ఆ కళ్లు దేని మీద ఆగితే అది ఉన్నచోటే ఇంకాస్త స్పష్టంగా నిలబడినట్టు ఉంది. కాగు, బట్టల నీలిమందు సంచి, తాడు, గోడకు తగిలించిన రూబెన్ చిన్ననాటి టోపీ. టోపీ దగ్గర ఆ చూపు ఆగింది.

"ఇప్పుడు చెప్పండి. ఆంబ్రోస్ మీ టీ తాగుతూ ఉండగా చూశారా?"

"లేదమ్మా."

"బ్యాండులో అందరూ చూశామంటున్నారు."

"వాళ్లు చూసి ఉండరు. అతను నా చేతి టీ ఏనాడూ తాగలేదు. యుద్ధం నుంచి వచ్చాక ఒక్కసారి కూడా. నేను పోసి పెడతాను. అతను దాని వంక చూడడు. అందరూ వెళ్లాక నిండు కప్పు తీసుకెళ్లి గోడవతల పారబోస్తాను. కేకు కూడా అంతే. ఆ శుక్రవారం మాత్రం అతను పడ్డప్పుడే కప్పు ఒలికిపోయింది."

"ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"నిన్న ఆయన వచ్చినప్పుడు అడగలేదు. చెప్పినా నమ్ముతారా? నన్ను నేను కాపాడుకోడానికి అల్లిన కథ అనుకుంటారు."

"నేను నమ్ముతున్నాను," అంది లేడీ థియో. "మీరు పోస్తారు, అతను తాగడు. ఇన్నేళ్లు. ఇలాంటిది ఎవరూ అల్లలేరు."

ఆ మాటకి థర్జా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొడుకు పోయినప్పుడు కూడా ఎవరి ముందూ ఏడవని మనిషి, నడుముకు కట్టుకున్న ముతక ఏప్రాన్‌ని మొహానికి అడ్డం పెట్టుకుంది. తరువాత, దాచి పెట్టుకున్నది చెప్పేసింది. ఆంబ్రోస్ గుమ్మంలోకి రావడం, రూబెన్ పేరు ఎత్తడం, తను తలుపు వేసేయడం. లేడీ థియో వింటూ ఉన్నంతసేపూ చుట్ట ఆరిపోయిన సంగతి కూడా గమనించలేదు.

"సరే. అతని నోట్లోకి మీ టీ వెళ్లలేదు. మరేం వెళ్లింది?" అని లేచింది. ఆ గొంతులో ఉత్సాహం ఉంది, వేటకు బయల్దేరే వాళ్ల గొంతులాగా. "పదండి, మీరూ రండి. ట్రెవెట్‌ని కూడా పిలుద్దాం."

పట్టపగలు, ఊరి నడివీధిలో, దొరసాని పక్కన థర్జా నడిచింది. కిటికీ తెరలు కదిలాయి. రొట్టెల కొట్లోంచి ఈనాస్ ట్రెవెట్ పిండి చేతులతోనే వచ్చాడు.

బగ్గీల షెడ్డులో కుర్చీలు ఆ రోజు ఎలా వదిలారో అలాగే ఉన్నాయి. లేడీ థియో ఆంబ్రోస్ కుర్చీలో కూర్చుంది.

"ట్రెవెట్, అతను వచ్చినప్పటి నుంచి ఏమేం చేశాడో చెప్పు. చిన్నది పెద్దది అనుకోకు."

"ఏం చేస్తాడండీ. వచ్చాడు, కూర్చున్నాడు. పైపు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. క్లారినెట్ పెట్టె తీశాడు. ఇక మామూలే, పీక నోట్లో పెట్టుకున్నాడు."

"పీకా?"

"ఆ వాయిద్యం మూతికి కడతారు కదండీ, సన్నటి రెల్లు పీక. పొడిగా ఉంటే పలకదు. అందుకని ముందు కాసేపు నోట్లో నానబెడతారు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపే పెట్టుకున్నాడనుకుంటా. ఏదో ఆలోచనలో ఉన్నాడు."

లేడీ థియో లేచింది. మూలనున్న నల్ల పెట్టె తెరిచింది. క్లారినెట్ ముక్కలు ముక్కలుగా, దేని గాడిలో అది, తుడిచి పొందికగా పెట్టి ఉన్నాయి. మూతి దగ్గర పీక లేదు.

థర్జాకి ఒళ్లు గగుర్పొడిచింది. వారం వారం చూసే వస్తువులే. ఒక మనిషి వచ్చి వాటిని అడగాల్సినట్టు అడిగితే అవి ఇలా నోరు విప్పుతాయని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"విషం దీనికి పట్టించారు," అంది లేడీ థియో. "అద్దాల కప్పు వేసిన గాజు తోటల్లో ద్రాక్షతీగలకి పురుగు పట్టకుండా కొట్టే పొగాకు మందు లాంటిది. ఎప్పుడూ పైపు కాల్చే మనిషి కదా, నోటికి పొగాకు చేదు తగిలినా వింతగా అనిపించి ఉండదు. తరువాత ఎవరో పీక తీసేశారు." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ట్రెవెట్, ఆంబ్రోస్ పడిపోయాక ఈ క్లారినెట్‌ని ఎవరు సర్దారు?"

"కెప్టెన్ దొరగారేనండి. మేమంతా బయటికి పోతుంటే నేను వెనక్కి తిరిగి చూశాను. మోకాళ్ల మీద కూర్చుని, తుడిచి, పెట్టెలో పెడుతున్నారు. ఎంత మంచి మనసు అనుకున్నా."

లేడీ థియో మొహంలో వెలుగు ఆరిపోవడం థర్జా చూసింది. దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా కాదు, పొయ్యిలో నిప్పు బూడిద కింద కుంగినట్టు.

"మా పియర్స్," అంది ఆమె, "పుట్టిన దగ్గర్నుంచి తన చేతి తొడుగులు కూడా తను తీసి పెట్టుకోలేదు. విడిచిన కోటు నేల మీద పడేస్తాడు. వాడికి తెలియకుండానే. మాకందరికీ అంతే, మా వెనక ఎవరో ఒకరు తీసి పెడతారు." పెట్టె మూసింది. "ఒక మనిషి చచ్చిపోతుంటే పక్కన కూర్చుని వాడు క్లారినెట్ తుడిచాడు."

ట్రెవెట్ పిండి చేతుల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఈ సంగతి నేను మర్చిపోమంటే మర్చిపోతానండి, అమ్మగారూ."

"వద్దు," అంది లేడీ థియో. "బాగా గుర్తు పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ థర్జా గుమ్మంలో ఉంది. కట్టిన బట్టలు నిన్నటివే. కళ్ల కింద నీలం. కుంటికాలు ఎక్కువ ఈడుస్తోంది.

"నాతో బంగళాకి రావాలి. నేను ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు వినే హక్కు నాకంటే ముందు మీకుంది. ఆ తరువాతే శామ్‌వేస్‌ని పిలుస్తాను."

"అమ్మగారూ," అంది థర్జా, "ఆయన మీ తోడబుట్టిన వాడు."

"అవును. వాడికి నడక నేర్పింది నేనే."

కెప్టెన్ పియర్స్ గాజు తోటలో ఉన్నాడు. ద్రాక్షతీగల మధ్య, తడి మట్టి వాసనలో. ముప్పై ఏళ్లుంటాయి, అందగాడు. యుద్ధం నుంచి వచ్చాక అతని చేతులు సన్నగా వణుకుతూ ఉండేవి. ఆ వణుకు మీద జాలితోనే ఊరు అతనికి ఇంకా ఎక్కువ వంగి దండం పెట్టేది. అక్క వెనక థర్జాను చూడగానే అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పియర్స్, ఆంబ్రోస్ శుక్రవారం నాడు ఏం చెప్పబోయాడు?"

అతను నవ్వబోయాడు. "నీ ఆటలు నా దగ్గర కూడానా థియో?"

"నా వైపు చూడకు. ఈవిడ వైపు చూసి చెప్పు."

అతను థర్జా వైపు చూశాడు. చూపు తిప్పుకోబోయాడు. తిప్పుకోలేకపోయాడు. ఆమె చేతులు కట్టుకుని, చర్చిలో నిలబడినట్టు నిలబడింది. తీగల నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి.

"మీ వాడు పారిపోలేదు," అన్నాడు చివరికి. "నేనే పంపించాను. బాంబులు పడుతున్నాయి, సగం మంది పోయారు. నాకు ధైర్యం చచ్చిపోయింది. వెనక్కి పరిగెత్తు, మేం ఇక నిలబడలేమని చెప్పు అన్నాను. వాడు పరిగెత్తాడు. నిజానికి వాడు ఒక్కడే ఆ దారిలో పోగలిగినవాడు. కాసేపటికి బాంబులు ఆగాయి. మేం నిలబడ్డాం. వెనక దళం వాళ్లు వాడిని పట్టుకుని, నువ్వే పంపావా అని నన్ను అడిగించారు. నేను అలాంటి మాట పంపానంటే..." ఆగాడు. "నేను పంపలేదన్నాను."

"ఆంబ్రోస్ విన్నాడు," అంది లేడీ థియో.

"పక్కనే ఉన్నాడు. విచారణలో నేను చెప్పినట్టే చెప్పి నోరు మూసుకోమన్నాను, మూసుకున్నాడు. ఇన్నేళ్లూ మూసుకున్నాడు. శిలువ మీద పేర్ల సంగతి వచ్చేసరికి నిద్ర పట్టడం లేదన్నాడు. పాపం, ముందు నా దగ్గరికే వచ్చి చెప్పాడు. తన కెప్టెన్‌కి చెప్పకుండా చేయడం మర్యాద కాదన్నాడు."

ఇన్నేళ్లుగా కొడుకు గురించి థర్జా నమ్మినదీ, నమ్మడానికి భయపడినదీ రెండూ ఒక్కసారి ఎదురొచ్చాయి. పరిగెత్తమంటే పరిగెత్తాడు. చెప్పిన పని చేశాడు. అంతే.

పియర్స్ అక్కకేసి తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నాన్న పైన మంచంలో ఉన్నారు. తెలిస్తే బతకరు. తుపాకుల గదిలో ఒక గంట నన్ను ఒంటరిగా వదిలెయ్. మనవాళ్లలో ఇలాంటప్పుడు అదే పద్ధతి కదా. తరువాత నీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకో."

లేడీ థియో కళ్లు మూసుకుంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. ఒప్పుకుంటుందనే అనుకుంది థర్జా. తనే ఆ స్థానంలో ఉంటే ఒప్పుకునేదేమో.

"వద్దు," అంది లేడీ థియో. "నువ్వు తలుపేసుకుని చచ్చిపోతే, తుపాకీ తుడుస్తుంటే పేలిందంటారు. చర్చిలో పెద్ద పాట పాడతారు. ఆంబ్రోస్‌ని ఈవిడే చంపిందని సగం ఊరు అనుకుంటూనే ఉంటుంది. రూబెన్ పారిపోయాడనే అందరూ అనుకుంటారు. నువ్వు కోర్టులో నిలబడి, ఇప్పుడు ఈవిడతో చెప్పినదంతా గట్టిగా చెప్పాలి. ఆ కుర్రాడికి చెప్పుకోడానికి ఎవరూ గదీ గంటా ఇవ్వలేదు పియర్స్."

"నన్ను ఉరి తీస్తారు థియో."

"తెలుసు నాన్నా," అంది ఆమె. చిన్నపిల్లలను పిలిచినట్టు పిలిచింది. వెళ్లి అతని కోటు కాలరు సరిచేసింది. తరువాత పనిమనిషిని పిలిచి, కానిస్టేబుల్‌ని రమ్మని కబురు పెట్టింది. అతను వచ్చేదాకా తమ్ముడి చేయి పట్టుకునే కూర్చుంది.

థర్జా వాళ్లిద్దరి వంకా చూస్తూ నిలబడింది. తనకు కోపం రావాలి. వస్తుందనే ఎదురుచూసింది. వచ్చింది వేరేది. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని మొదటిసారి సముద్రం చూసినప్పుడు ఇలాగే అనిపించింది. ఎదురుగా ఉన్నది తన ఊహకి పట్టనంత పెద్దదని, దాని ముందు మాట్లాడకూడదని. మాటకి, చేతకి మధ్య ఇంత చిన్న ఎడం ఉన్న మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

పియర్స్ అక్క చెప్పినట్టే చేశాడు. కోర్టులో ఏదీ దాచలేదు. జనం కిక్కిరిసిన ఆ గదిలో, రూబెన్ హాలెట్ పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, ఆజ్ఞ ప్రకారమే వెళ్లాడని రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఎవరూ అడగకుండానే అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మగవాళ్లు టోపీలు తీశారు. థర్జా వాళ్ల వంక చూసి తలూపింది, ఆగలేదు. డిబెన్ దుప్పట్ల మూట తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఏదో మాట జారింది, మనసులో పెట్టుకోకు" అంది. "పెట్టుకుంటాను, కానీ ఉతుకుతాను. ఇలా తే" అని మూట అందుకుంది థర్జా. కమిటీ తరఫున ట్రెవెట్ వచ్చాడు. రూబెన్ పేరు శిలువ మీద అన్నిటికన్నా పైన చెక్కుదామనుకుంటున్నామని చెప్పాడు.

"పైన వద్దు. వాడి వరసలో వాడిని పెట్టండి," అంది.

ఆంబ్రోస్ సమాధి దగ్గరికి ఒక్కసారి వెళ్లింది. గడ్డి పెరిగితే పీకి, కాసేపు నిలబడి వచ్చేసింది. అతన్ని క్షమించావా అని పాదిరీ అడిగితే, అది తనకే ఇంకా తెలియలేదని చెప్పింది.

లేడీ థియో మళ్లీ ఏ చిక్కుముడి జోలికీ పోలేదు. లండన్ నుంచి పెద్దవాళ్లు కార్లలో వచ్చి అడిగారు. తోటలో పని ఉందని చెప్పి పంపేసింది. ముసలి దొరగారు ఆ చలికాలం దాటలేదు. ఆ తరువాత ఎల్డర్‌బోర్న్‌లో ఆ కథ రకరకాలుగా చెప్పుకున్నారు. పీక సంగతి, క్లారినెట్ తుడిచిన సంగతి పిల్లలకు కూడా నోటికొచ్చు. పియర్స్‌ని ఉరి తీసిన రోజు పొద్దున ఏం జరిగిందో మాత్రం థర్జా చాలా ఏళ్ల దాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఆమె కాగు కింద నిప్పు వేయలేదు. మంచు పట్టిన దారిలో కొండెక్కి, ఎవరూ పిలవకుండానే బంగళా ముందు తలుపు తట్టింది. పనివాళ్లు చాలామంది మానేసి వెళ్లిపోయారు. తలుపు లేడీ థియోనే తీసింది. థర్జాను చూసి పక్కకు తప్పుకుంది. ఇద్దరూ ముందు గదిలో, చలిమంట ఎదురుగా ఒకే సోఫాలో కూర్చున్నారు. కింద ఊళ్లో చర్చి గంట, ఉరికి పెట్టిన వేళకే, ఎనిమిది కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకీ లేడీ థియో వీపు కర్రలా బిగుసుకుంది. గంట ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉంది.

"మీ వాడు పోయిన పొద్దున," అంది తరువాత, "మీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా. అప్పటికి నాకు తెలీదు కదా. కబురు చాలా రోజులకొచ్చింది." థర్జా తన ఎర్రటి చేతుల వంక చూసుకుంది. "తేదీ చూసుకుని తరువాత ఆలోచించుకున్నాను, ఆ పొద్దున నేనేం చేస్తున్నానా అని. బట్టలు ఆరేస్తున్నాను. నాలుగు రోజుల ముసురు తరువాత ఎండ కాసింది. ఎంత బాగుందో అనుకున్నాను. పాట కూడా పాడుకున్నాను."

లేడీ థియో ఆమె వైపు తిరిగింది. తన ఒళ్లో ఉన్న శాలువా సగం తీసి థర్జా మోకాళ్ల మీద కప్పింది. ఆ దొరసాని అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. థర్జా ఆమె తలను తన భుజానికి ఆనించుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది.